కోషర్ ముద్ర ఉన్న లాగర్ తాగాను, మా బావకు పోయొచ్చా?

మిర్యాలగూడ నుంచి:
అన్నలకు నమస్తే. న్యూజెర్సీలో ఉండే మా చిన్నాన్న కొడుకు దసరాకు వస్తూ అక్కడి చిన్న బ్రూవరీ లాగర్ బీరు నాలుగు డబ్బాలు తెచ్చాడు. బార్‌కోడ్ పక్కన చిన్న వలయంలో యు అక్షరం ఉంది. యూదుల ఆహార నియమాలకు సరిపోతుందని చెప్పే కోషర్ ముద్రట.

నిన్న రాత్రి ఒకటి తెరిచాను. ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగి గాజు గ్లాసులో పోశాను. పల్చటి తేనె రంగు. రెండు వేళ్ల మందం నురుగు, గ్లాసు సగమయ్యేదాకా అంచుకు పట్టుకునే ఉంది. ముక్కు దగ్గర పెడితే పెనం మీద జొన్నరొట్టె కాలుతున్న వాసన, దాని వెనకే తడి గడ్డి. మొదటి గుక్క కొంచెం తీపి. మింగాక నాలుక చివర వేపపుల్ల చేదు, అదీ కాసేపే. తపాల చెక్క కొరుక్కుంటూ తాగాను, నువ్వుల కమ్మదనానికి ఆ చేదు భలే కుదిరింది. మా దగ్గర అందరూ స్ట్రాంగే అడుగుతారు. ఇది నింపాదిగా తాగాల్సిన బీరు.

అన్నిటికన్నా నచ్చింది నీళ్లు. బోరు నీళ్లతో పెరిగినవాణ్ని, కాస్త ఉప్పదనం ఉన్నా తెలిసిపోతుంది. ఇందులో ఆ జాడే లేదు.

మా బావ గుడ్డు కూడా ముట్టడు, బీరు మాత్రం తాగుతాడు. కోషర్ అంటే వెజ్ అనుకోవచ్చా? ముద్ర వల్ల రుచి మారుతుందా?

దేవరకొండ, ఇప్పుడు ఎడిసన్:
తమ్ముడూ, ఆగు. కోషర్ వేరు, వెజ్ వేరు. కోషర్‌లో మాంసం, చేప రెండూ ఉంటాయి. ఆ ముద్ర న్యూయార్క్‌లోని ఆర్థడాక్స్ యూనియన్‌ది. రబ్బీ, అంటే యూదు మతగురువు, మంత్రం చదివితే ఇచ్చేది కాదు, సరుకులూ యంత్రాలూ తనిఖీ చేసి ఇస్తారు.

బీరుతో పాత చిక్కు ఐసింగ్లాస్. చేప కడుపులోని గాలితిత్తిని ఎండబెట్టి తీసే జిగురు అది. బీరును పులియబెట్టే ఈస్టును పట్టుకుని అడుక్కి దిగుతుంది, బీరు తేటపడుతుంది. కోషర్ కాని చేపదైనా సరే, పానీయం తేటపరచడానికి వాడొచ్చని 18వ శతాబ్దంలోనే ప్రాగ్ రబ్బీ యెహెజ్కేల్ లాండౌ తీర్పిచ్చాడు. కాబట్టి ముద్ర ఉన్నంత మాత్రాన చేప తగల్లేదని చెప్పలేం. చాలా లాగర్లలో వాడరు, అయినా కనుక్కోకుండా పోయకు. అన్నట్టు, ఎంత కోషర్ బీరైనా పస్కా పండగ రోజుల్లో యూదులు ముట్టరు, పులిసిన బార్లీ కదా.

మహబూబ్‌నగర్ నుంచి:
రుచికీ ముద్రకూ సంబంధం లేదన్నా. నీళ్లు, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (చేదునిచ్చే పూలు), ఈస్టు మాత్రమే ఉంటే పెద్ద పేచీ ఉండదు. వైన్ పీపాల్లో ఊరబెట్టినవీ, పాల చక్కెర వేసిన స్టౌట్లూ (నల్ల బీర్లు) అయితేనే కోషర్‌కు అసలు పరీక్ష. నువ్వు చెప్పిన ఆ తేట రుచి లాగర్ ఈస్టు పని. 10 డిగ్రీల అటూ ఇటూ చలిలో మెల్లగా పులుస్తుంది, తర్వాత సున్నాకు దగ్గర్లో వారాల తరబడి నిలవ ఉంచుతారు. మన తాటికల్లు పొద్దున లొట్టి దింపేసరికే పొంగుతుంటుంది, సాయంత్రానికి పులుపెక్కుతుంది. నీళ్ల సంగతి బాగా పట్టావు. 1842లో జోసెఫ్ గ్రోల్ ఇప్పటి చెక్ దేశంలోని ప్లజెన్‌లో చేసిన బంగారు రంగు లాగర్‌కు, లవణాలు బాగా తక్కువున్న అక్కడి నీళ్లే ప్రాణం.

మిర్యాలగూడ నుంచి:
ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. అడగకపోయుంటే ఈ ఆదివారమే బావకు పోసేవాణ్ని, తర్వాత తెలిస్తే ఆయన ముఖం చూడలేకపోయేవాణ్ని. చేప జిగురు వాడతారా అని బ్రూవరీకి మెయిల్ పెట్టాను. జవాబు వచ్చేదాకా మిగిలిన మూడు డబ్బాలూ ఫ్రిజ్‌లో కింది అరలోనే ఉంటాయి.