పట్టణంలోని మొక్కలు, పార్కులు కాంట్రాక్టరు చేతిలో ఉండాలా, పురపాలక సంఘం చేతిలోనా?

హైదరాబాదు రోడ్డు నివాసి, నల్లగొండ (చర్చ ప్రారంభించినవారు)

డివైడర్ల మీది మొక్కలను, కాలనీ పార్కులను, చెరువు కట్టల మీది పచ్చదనాన్ని చూసుకునే పనికి టెండరు పిలిచి కాంట్రాక్టర్లకు అప్పగించడం మేలా, లేక పురపాలక సంఘం సొంత మనుషులతో చేయించడం మేలా అన్నది ఈ చర్చలో నేను పెడుతున్న ప్రశ్న. రాజ్యాంగ 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు పట్టణ వనాలను, పార్కులను, తోటలను పురపాలక సంస్థల విధుల్లో చేర్చింది. మన తెలంగాణ పురపాలక చట్టం, 2019, మరో అడుగు ముందుకు వేసి, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతికేలా చూసే బాధ్యత వార్డు ప్రజాప్రతినిధిదేనని చెప్పింది. ఇంత స్పష్టంగా తనకు అప్పగించిన పనిని పురపాలక సంఘం తక్కువ ధర కోట్ చేసినవారికి వదిలేయడం సరికాదని నా అభిప్రాయం.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక పట్టణంలో నేను ఉద్యోగం చేసిన రోజుల్లో చూసినది చెబుతాను. ఏప్రిల్ మధ్యాహ్నం, డివైడరు పక్కన ట్యాంకరు నెమ్మదిగా సాగుతోంది కానీ ఎక్కడా ఆగడం లేదు. వెనక నిలబడ్డ అబ్బాయి పైపును మొక్కల మీదుగా తిప్పుకుంటూ పోతున్నాడు. ఏ మొక్కకూ పాదు లేదు, మట్టి గట్టిపడి రాయిలా ఉంది. ఆకులు తడిశాయి, నీళ్లు అంచు మీదుగా జారి తారురోడ్డు మీద పారాయి. దగ్గరకు వెళ్లి వేలితో గుచ్చి చూస్తే అంగుళం లోతున మట్టి పొడిగానే ఉంది. మే నెలాఖరుకు ఆ వరుసలో సగానికి పైగా మొక్కలు ఎండిపోయాయి, కాని ట్యాంకరు వచ్చిన మాట నిజమే కనుక ట్రిప్పులకు బిల్లు అయి ఉంటుంది.

విశ్రాంత పురపాలక ఉద్యోగి, పాలమూరు

మీరు చెప్పిన దృశ్యాన్ని నేనూ చాలాసార్లు చూశాను, కాదనను. అయితే సొంత మనుషులు ఉంటే ఇలా జరగదని మీరు అనుకోవడం అనుభవానికి నిలవదు. మునిసిపాలిటీలో మాలీ అనే మనిషి ఏడాదంతా మాలీగా ఉండడు. వాన పడితే నాలాల పూడిక తీయడానికి పిలుస్తారు, బతుకమ్మ వస్తే చెరువు దగ్గర ఏర్పాట్లకు పంపుతారు, మంత్రి గారి పర్యటన ఉందంటే రాత్రికి రాత్రి సున్నం గీతలు గీయిస్తారు. ఇవన్నీ అవసరమైన పనులే, చేసే మనుషులే తక్కువ. నా ఉద్యోగ జీవితంలో తోటపనికి కేటాయించిన మనుషులు వరుసగా రెండు వారాలు తోటలోనే ఉన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాంట్రాక్టు ఇచ్చాక కనీసం ఆ కూలీలను మరో పనికి లాక్కునే వీలు మాకు లేకుండా పోయింది, దానితో పార్కులు కొంత బాగుపడ్డాయి.

మరో మాట. ఖాళీ అయిన పర్మనెంటు పోస్టులను నింపనప్పుడు సొంత మనుషులు అనే మాటకు ఆచరణలో అర్థం ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ పంపిన మనుషులనే. అక్కడా మధ్యలో కాంట్రాక్టరు ఉన్నాడు, తేడా ఏమిటంటే అతను మనుషులను పంపడానికే జవాబుదారీ, మొక్క బతకడానికి కాదు.

తోటపనుల కాంట్రాక్టరు, మిర్యాలగూడ

ఇన్ని మాటలు మా గురించే కనుక నేనూ చెప్పాలి. టెండరులో మేము తక్కువకు వేస్తామన్నది వాస్తవం. పాతిక శాతం లెస్‌కు, అంటే అంచనా కన్నా అంత తక్కువకు, వేసేవారు ఉన్నారు, అలా వేసిన ఏడాది నేను నష్టపోయాను కూడా. కాని మా వైపు ఉన్న ఇబ్బందిని ఎవరూ అడగరు. కూలీలకు నేను నెలనెలా డబ్బు ఇవ్వాలి, డీజిల్ రోజూ పోయించాలి, నాకు బిల్లు మాత్రం చేసిన పని కొలతల పుస్తకం (ఎం.బుక్) రాసి, ఆడిట్ దాటి, నిధులు ఉన్నప్పుడు వస్తుంది. అయిదు నెలలు ఆగిన సందర్భం నాకు ఉంది, ఆ కాలమంతా వడ్డీకి తెచ్చి నడిపాను.

ఇంకా ముఖ్యమైనది, కాంట్రాక్టు గడువు మార్చి 31తో ముగుస్తుంది. కొత్త టెండరు పిలవడం, తెరవడం, ఆమోదం, అగ్రిమెంటు అయ్యేసరికి ఒక్కోసారి మే వస్తుంది. ఆ మధ్య రోజుల్లో నీళ్లు పోయమని పాతవాడికి నోటిమాటగా చెబుతారు, రేపు ఆ పని తనదో కాదో తెలియని మనిషి ఎంత పోస్తాడు? పైన చెప్పిన ఏప్రిల్ ట్యాంకరు అలాంటి రోజుల్లోదే అయి ఉండవచ్చునని నా అనుమానం.

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, న్యూటౌన్, మహబూబ్‌నగర్

కాంట్రాక్టరు గారు చివర చెప్పిన మాట దగ్గరే ఈ చర్చకు కీలకం ఉందని నేను అనుకుంటున్నాను. కాంట్రాక్టా, సొంత మనుషులా అన్న ప్రశ్న కన్నా, దేనికి డబ్బు ఇస్తున్నాం, ఏ తేదీన లెక్క చూస్తున్నాం అన్న ప్రశ్న ముందుగా తేలాలి. చట్టం బతికిన మొక్కను అడుగుతోంది, కాంట్రాక్టు పత్రం ట్రిప్పులను, హాజరును అడుగుతోంది. ఒకదాన్ని కొంటూ మరొకటి దొరకాలని ఆశిస్తే దొరకదు.

మన నేలను చూడండి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో సగటు వర్షపాతం ఏడాదికి 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే, అందులో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరులోపు కురుస్తుంది. ఎర్రచెలక నేల నీటిని పట్టి ఉంచదు. కాబట్టి మన దగ్గర మొక్కకు పరీక్ష ఏడాదంతా కాదు, మార్చి మధ్య నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా ఉండే ఆ పన్నెండు వారాలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. సరిగ్గా ఆ పన్నెండు వారాల్లోనే మనం కాంట్రాక్టరును మారుస్తున్నాం. ఆర్థిక సంవత్సరం లెక్కల సౌకర్యం కోసం పెట్టుకున్నది, మొక్కకు దానితో సంబంధం లేదు. ఒప్పందం కాలాన్ని జూలై నుంచి జూలై దాకా పెట్టి, కనీసం మూడేళ్లకు ఇచ్చి, ఏటా మృగశిర కార్తె ప్రవేశించిన వారంలో బతికిన మొక్కలను లెక్కించి, ఆ ఏటి సొమ్ములో నాలుగో వంతును ఆ లెక్క ప్రకారమే చెల్లించే పద్ధతి పెడితే, ఏప్రిల్‌లో పాదు తీయమని ఎవరూ చెప్పనక్కరలేదు.

నీటి లెక్క కూడా చాలా సాదా లెక్క. 5,000 లీటర్ల ట్యాంకరు మొక్కకు 10 లీటర్ల చొప్పున పోస్తే 500 మొక్కలకు సరిపోతుంది, మీటరుకొక మొక్క ఉన్న కిలోమీటరు డివైడరుకు రెండు ట్యాంకర్లు కావాలి. కాని ఆ 10 లీటర్లు వేరుకు చేరాలంటే పాదు ఉండాలి, పాదులో ఎండుటాకులో వరిగడ్డో పరచి ఉండాలి, ట్యాంకరు ఆగి ఆగి పోవాలి. కదులుతూ పోసినప్పుడు అరగంటలో ట్రిప్పు అయిపోతుంది, ఆగి పోస్తే ఎన్నో రెట్ల సమయం పడుతుంది. ట్రిప్పుకు డబ్బు ఇచ్చినంతకాలం ఆగకుండా పోవడమే లాభం.

అయితే నర్సరీ నుంచి ఏ మొక్కలు తేవాలో, ఏవి తేకూడదో చెప్పే మనిషి మాత్రం పురపాలక సంఘం సొంత మనిషే కావాలి, ఇందులో నేను చర్చ ప్రారంభించినవారితో పూర్తిగా ఏకీభవిస్తాను. పచ్చిక తివాచీలు, కుండీల్లో పూల మొక్కలు నిత్యం నీళ్లు, నిత్యం కోత అడుగుతాయి, అంటే నిత్యం బిల్లు అడుగుతాయి. కానుగ, వేప, రావి, చింత మొదటి మూడు వేసవులు దాటితే తమ బతుకు తామే చూసుకుంటాయి. కోనోకార్పస్ సంగతి అందరికీ తెలిసిందే, త్వరగా పచ్చగా కనిపిస్తుందని రోడ్ల వెంట విరివిగా నాటారు, తీరా వేర్లు పైపులైన్లలోకి పోతున్నాయని, పుప్పొడితో ఇబ్బందులని ఫిర్యాదులు వచ్చాయి, గుజరాత్ 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. ఏది నాటాలన్న నిర్ణయాన్ని, దాన్ని పోషించి డబ్బు తీసుకునేవారికే వదిలిపెట్టడం పొరపాటు.

మన మహబూబ్‌నగర్ దగ్గరి పాత మర్రిచెట్టు, పిల్లలమర్రి, మంచి ఉదాహరణ. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడ్డాక, చెదలు ఎంత లోతుకు పోయాయో తెలిసినవారు చూశారు. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు, బరువైన కొమ్మలకు కింద ఆసరాలు కట్టారు. ముందు జబ్బు గుర్తించారు, తరువాత కూలి పని ఎవరిచేత చేయించాలో చూశారు. కూలి పనికి టెండరు పిలవవచ్చు, జబ్బు గుర్తించే పనికి తక్కువ ధర చూసి మనిషిని పెట్టుకోలేం.

ఒక కార్మికురాలి కుమారుడు, దేవరకొండ

మా అమ్మ ఒక పట్టణంలో కాంట్రాక్టరు కింద ఏడేళ్లు పార్కులో పనిచేసింది. ఆ ఏడేళ్లలో కాంట్రాక్టరు నాలుగుసార్లు మారాడు, అమ్మ మారలేదు, అదే చీపురు, అదే పార. జీతంలోంచి పీఎఫ్ కోత ప్రతినెలా పడింది, తీరా చూస్తే రెండేళ్ల సొమ్ము ఖాతాలో జమ కాలేదు. ఆ కాంట్రాక్టరు వెళ్లిపోయాడు, కొత్తవాడు తనకు సంబంధం లేదన్నాడు, ఆఫీసులో అడిగితే కాంట్రాక్టరును అడగమన్నారు.

యజమాని వంతు భవిష్యనిధికి (పీఎఫ్) 12 శాతం, ఈఎస్ఐకి 3.25 శాతం కట్టాలి, రెండూ కలిపితేనే 15 శాతం దాటుతుంది. అంచనాలో ఎక్కువ భాగం కూలి ఖర్చే అయిన పనిని పాతిక శాతం లెస్‌కు తీసుకున్నవారు ఆ తగ్గింపును ఎక్కడి నుంచి తెస్తారో పెద్దగా ఆలోచించనక్కరలేదు. కాంట్రాక్టరు కూలి ఇవ్వకపోతే పని చేయించుకున్న ప్రధాన యజమానే ఇవ్వాలని అప్పట్లో అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది, మా అమ్మకు మాత్రం ఆ మాట ఎవరూ చెప్పలేదు. అధ్యాపకురాలు గారు చెప్పినట్లు మొక్కల లెక్కను బట్టి నాలుగో వంతు ఆపితే, ఆపిన ఆ సొమ్ము చివరికి ఎవరి కూలిలోంచి పోతుందో కూడా దయచేసి ఆలోచించండి.

ఇంకొకటి, మా అమ్మకు ఆ పార్కులో ఏ మొక్క ఏ వేసవిలో వాడిందో తెలుసు. మందారం చుట్టూ తెల్లనల్లి పడితే వేపనూనె ఎప్పుడు కొట్టాలో తెలుసు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ఆమెను ఏదీ అడిగేవాడు కాదు.

హైదరాబాదు రోడ్డు నివాసి, నల్లగొండ

ఈ చివరి రెండు వ్యాఖ్యల తరువాత నా మొదటి అభిప్రాయాన్ని కొంత సవరించుకుంటున్నాను, కొంత అలాగే ఉంచుకుంటున్నాను. బ్రిటన్‌లో 1988 నాటి స్థానిక ప్రభుత్వాల చట్టం, మైదానాల నిర్వహణ వంటి పనులకు పోటీ టెండరు పిలవడాన్ని తప్పనిసరి చేసింది. ఇంగ్లండు, వేల్స్‌లలో 1999 చట్టం ఆ నిర్బంధాన్ని తొలగించి, ధరతోపాటు నాణ్యతనూ చూడమంది. టెండరు వద్దని ఆ చట్టం చెప్పలేదు, ధర ఒక్కటే కొలత కాకూడదని చెప్పింది. ఇక్కడా అదే కావాలి. అంచనాలోని కూలి భాగాన్ని, పీఎఫ్, ఈఎస్ఐలను పోటీలోంచి తీసివేసి, మిగిలిన యంత్రాలు, డీజిల్, లాభం మీద మాత్రమే లెస్ వేయనిస్తే కార్మికుల కూలికి చేయి పడదు. నిలిపి ఉంచే సొమ్ము కూడా ఆ మిగిలిన భాగంలోంచే ఉండాలి.

లెక్కింపు విషయంలో మాత్రం నాకు సందేహం తీరలేదు. మృగశిరకు ముందు వారం చచ్చిన మొక్కను పీకేసి నర్సరీ నుంచి కొత్తది తెచ్చి గుచ్చితే, లెక్కలో అదీ బతికిన మొక్కే అవుతుంది కదా?

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, న్యూటౌన్, మహబూబ్‌నగర్

తలకాయలు లెక్కపెడితే అలాగే అవుతుంది, కాండం చుట్టుకొలత తీసుకుంటే కాదు. జూలైలో నేల నుంచి ఒక అడుగు ఎత్తున టేపుతో కొలిచి నంబరు వేసిన మొక్కను, మళ్లీ జూన్‌లో అక్కడే కొలవాలి. ఏడాది పెరిగిన కానుగ కాండం తగ్గదు, కొత్తగా గుచ్చిన మొక్క పాత కొలతను అందుకోలేదు. పట్టణమంతా కొలవనక్కరలేదు, వార్డుకు కొన్ని నంబర్లు చీటీ తీసి, ఆ కొలతను వార్డు కమిటీ సభ్యుల ముందు తీస్తే చాలు. మా విద్యార్థులు సగం పూటలో ఒక వార్డు పూర్తి చేయగలరు, ఆ పని నేను చేయించడానికి సిద్ధంగా ఉన్నాను.

తోటపనుల కాంట్రాక్టరు, మిర్యాలగూడ

కూలిని పోటీలోంచి తీసివేస్తే నాకు అభ్యంతరం లేదు, పద్ధతిగా కట్టేవాడికి అది మేలే. జూలై నుంచి మూడేళ్ల ఒప్పందానికి, చుట్టుకొలత లెక్కకు నేను సంతకం పెడతాను. రెండు మాటలు మాత్రం పత్రంలో రాయాలి. ట్యాంకరు నింపుకునే చోటును పురపాలక సంఘం చూపాలి, మే నెలలో ఆ బోరు ఎండితే మరో చోటు ఏదో ముందే రాసి ఉండాలి. కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టేవారు మొదలుకంటా నరికిన మొక్కలను, పైపులైను కోసం తవ్వి పీకేసిన మొక్కలను నా లెక్కలోంచి తీసివేయాలి. ఈ ఏడాది నా నంబర్లలో అలా పోయినవి నలభైకి పైనే ఉన్నాయి, ఫొటోలు తీసి పెట్టుకున్నాను.