ఇంట్లో తిరిగే బొద్దింకలు, ఈగలు తాబేలు తింటే పర్వాలేదా?

బాల్కనీ తాబేలు:
మా ఇంట్లో రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే నీటి తాబేలు ఉంది. ఇంకా పిల్లే, అరచేతిలో సగం కూడా ఉండదు. నిన్న రాత్రి టబ్ అంచు మీదకి ఓ బొద్దింక వచ్చింది. ఇది మెడ చాచి లటుక్కున పట్టుకుని నీళ్లలోకి లాక్కెళ్లిపోయింది. ముందు కాళ్ల గోళ్లతో చీల్చి, రెక్కలు వదిలేసి, మిగతాదంతా మింగేసింది. అది చూసిన దగ్గర్నుంచి మావాడు చీపురు పట్టుకుని వంటింట్లో బొద్దింకల వేటలో ఉన్నాడు. మా ఆవిడేమో దానికేమైనా అయితే అని ఒకటే గొడవ. నాకైతే రోజూ ఆ డబ్బా గింజల తిండే (పెల్లెట్లు) పెట్టి విసుగొస్తోంది. బొద్దింకలు, ఈగలు, చీమలు, సాలెపురుగులు... ఇంట్లో దొరికేవి పెట్టొచ్చా?

గోదారి గట్టు:
దీనికి ఇంత టెన్షన్ ఎందుకండీ? వాగులో ఉండే తాబేలుకి డబ్బా తిండి ఎవరు పెడుతున్నారు? నీటి పురుగులు, నత్తలు, చచ్చిన చేపలు, నాచు, ఏది దొరికితే అది తింటుంది. తొలకరి పడ్డ రాత్రి మా ఊళ్లో లైటు కింద ఉసిళ్లు లేస్తే కప్పలకీ బల్లులకీ కోళ్లకీ పండగే. మనుషులే వేయించుకుని తింటారు. పెట్టండి, ఏమీ కాదు.

సిరి వెట్:
నేను పశువైద్యం చదువుతున్నాను. గోదారి గట్టు గారూ, పురుగు విషమని ఎవరూ అనట్లేదు. ఆ పురుగు ఏం తిని వచ్చిందన్నదే ప్రశ్న. మీ ఊరి ఉసిళ్లు నేలలోంచి లేచి వస్తాయి. అపార్ట్‌మెంట్ బొద్దింక సింక్ కింద నుంచి వస్తుంది, ఆ సింక్ కింద ఎవరో ఒకరు మందు పెట్టే ఉంటారు. బాల్కనీ తాబేలు గారూ, ఒకసారి కబోర్డు తలుపుల బందుల దగ్గర, స్టవ్ గట్టు కింద టార్చ్ వేసి చూడండి. గోధుమరంగులో ఎండిపోయిన చిన్న చిన్న చుక్కలున్నాయా?

బాల్కనీ తాబేలు:
ఉన్నాయండీ. సంక్రాంతికి ముందు పెస్ట్ కంట్రోల్ వాళ్లు పెట్టిన జెల్ అది. కానీ తాబేలు తిన్న బొద్దింక బాగా చురుగ్గా ఉంది, పరిగెత్తుకుంటూ వచ్చింది. మందు తింటే చచ్చిపడి ఉండాలిగా?

సిరి వెట్:
అక్కడే అందరూ పొరబడతారు. జెల్ నెమ్మదిగా పనిచేయాలనే తయారు చేస్తారు. తిన్న బొద్దింక అక్కడికక్కడే చావదు. గూటికి వెళ్తుంది, రెట్ట వేస్తుంది, చస్తుంది. ఆ రెట్టనీ శవాన్నీ తిన్న మిగతావి కూడా చస్తాయి. అంటే మందు కడుపులో పెట్టుకుని చురుగ్గా తిరిగే సమయం కొంత ఉంటుంది. ఆ సమయంలో చూస్తే మీకు తేడా తెలియదు. చీమల మందు చాక్‌పీస్ గీత దాటి వచ్చిన చీమ అయినా అంతే, కాళ్లకి పొడి అంటించుకుని వస్తుంది.

లెక్కల మాస్టారు:
అమ్మా, మీరు చెప్పింది నిజమే కానీ భయం కొంచెం ఎక్కువైంది. లెక్క చూద్దాం. మార్కెట్లో దొరికే కొన్ని జెల్‌లలో ఫిప్రోనిల్ అనే మందు 0.05 శాతం ఉంటుంది. బొద్దింక 50 మిల్లీగ్రాముల జెల్ తిందనుకున్నా (అంత తినదు) అందులో మందు 0.025 మిల్లీగ్రాములే. అరకిలో తాబేలుకి అది ఏ మూలకి? నిన్న రాత్రి తిన్న ఒక్క బొద్దింక కోసం ఆయన్ని హాస్పిటల్‌కి పరిగెత్తించకండి.

సిరి వెట్:
మాస్టారూ, అరకిలో తాబేలుకి మీ లెక్క ఒప్పుకుంటా. కానీ ఇక్కడున్నది పిల్ల. షాపులో రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉన్నప్పుడు అమ్మే స్లైడర్ పిల్ల పది గ్రాములు కూడా తూగదు. ఈయనది అంతకంటే కొంచెం పెరిగి ఉంటుంది. అప్పుడు అదే 0.025 ఎన్ని రెట్లవుతుందో మీరే చెప్పండి. పైగా పిల్లవాడు చీపురు పట్టుకుని రోజూ వేటాడుతున్నాడంటున్నారు, ఇది ఒక్క బొద్దింకతో పోయేది కాదు. ఇంకోటి, స్ప్రేలు జెల్ లాంటివి కావు. వాటిలో పైరెథ్రాయిడ్లు అనే రకం పురుగు మందులు ఉంటాయి. నీళ్లలో బతికేవాటికి, ముఖ్యంగా చేపలకి, అవి చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. అందుకే డబ్బా మీద అక్వేరియం మూసిపెట్టమని రాస్తారు. స్ప్రే తగిలిన బొద్దింక టబ్‌లో పడితే తాబేలు దాన్ని తినకపోయినా ఆ నీళ్లలోనే ఈదుతుంది, ఆ నీళ్లే తాగుతుంది.

ఒక్కసారికి హాస్పిటల్ అక్కర్లేదన్నది మాత్రం సరే. నీళ్లు మార్చి రెండు మూడు రోజులు గమనించండి. తిండి మానేసినా, వణికినా, ఒక పక్కకి ఒరిగి తేలుతున్నా మాత్రం సరీసృపాలు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కుక్కలకి, పిల్లులకి మాత్రమే చూసేవాళ్లు కొందరుంటారు, ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

డల్లాస్ బాబాయ్:
ఈ స్లైడర్లు మా టెక్సాస్‌వే. మా ఇంటి వెనక చెరువులో దుంగల మీద వరసగా ఎండ కాగుతూ ఉంటాయి. గోదారి గట్టు గారన్నది కరెక్టే, పురుగులు తింటాయి, చిన్నప్పుడు ఎక్కువగానే తింటాయి. పెద్దయ్యే కొద్దీ నాచు, నీటి మొక్కల వైపు మళ్లుతాయి. కాబట్టి పిల్లకి పురుగు పెట్టాలన్న ఆలోచన తప్పేం కాదు. కాకపోతే ఇక్కడ పెంచేవాళ్లు ఇంట్లో దొరికినవి పెట్టరు, షాపులో పెంచిన కీచురాళ్లు కొంటారు. వాటికి ఓ రోజు ముందు ఆకుకూర, క్యారెట్ తినిపించి, అప్పుడు తాబేలుకి వేస్తారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. మిణుగురులు అస్సలు వద్దు. వాటిలో ఉండే విషం గుండె మీద పనిచేస్తుంది. ఒకే ఒక్క మిణుగురు తిని బియర్డెడ్ డ్రాగన్లనే పెంపుడు బల్లులు చచ్చిపోయిన కేసులు పశువైద్యులు నమోదు చేశారు. తాబేలు తట్టుకుంటుందో లేదో ప్రయోగం చేయాల్సిన అవసరం మనకేం ఉంది?

గోదారి గట్టు:
మిణుగురులు సరే, జెర్రి, తేలు కూడా ఎవరూ పెట్టరు. మా ఇంట్లో ఏ మందూ కొట్టం. పెరట్లో మిడతలున్నాయి, వాటికేమంటారు?

సిరి వెట్:
పెరటి మిడత మంచిదే. పక్కనే పొలం ఉంటే మాత్రం అక్కడ ఏం పిచికారీ చేస్తున్నారో చూసుకోండి. వరికి మందు కొట్టిన వారంలో పట్టిన మిడతకీ ఆ సింక్ కింద బొద్దింకకీ తేడా ఉండదు.

అయితే శుభ్రమైన మిడత అయినా అది చిరుతిండే, భోజనం కాదు. కీచురాయి, బొద్దింక, మిడత, ఏది తీసుకున్నా కాల్షియం కంటే భాస్వరం చాలా ఎక్కువ. తాబేలుకి కావాల్సింది సరిగ్గా తిరగేసి: భాస్వరం ఒక పాలైతే కాల్షియం ఒకటిన్నర నుంచి రెండు పాళ్లు. పురుగులే తింటూ పోతే ఒంట్లో కాల్షియం చాలక ఎముకల్లోంచి లాక్కుంటుంది. చిప్ప మెత్తబడుతుంది. వేలితో నొక్కితే లోపలికి పోయే చిప్పతో వచ్చే తాబేళ్లని కాలేజీ క్లినిక్‌లో చూస్తున్నాం. చాలావరకు ఎండ లేక, ఒకే రకం తిండి వల్ల వచ్చినవే. అందుకే ఆ గింజలు విసుగనిపించినా మానొద్దు. టబ్‌లో ఓ సముద్రపు నురుగు ముక్క (కటిల్‌బోన్) వేసి ఉంచండి. పక్షుల పంజరాల షాపులో దొరుకుతుంది, కొరుక్కుంటూ ఉంటుంది. గాజు అడ్డం లేని ఉదయపు ఎండ పడనివ్వండి, పక్కన నీడ కూడా ఉండాలి.

చెరువు కుర్రాడు:
అన్నా, మా దగ్గర చెరువులో దొరికిన తాబేలు ఉంది. మెత్తని చిప్ప, కాళ్లు లోపలికి లాక్కుని కింద మూత వేసుకుంటుంది. దానికి వానపాములు వేస్తున్నాం, తింటోంది. ఈగలు కూడా వేయొచ్చా?

డల్లాస్ బాబాయ్:
తమ్ముడూ, తిండి సంగతి తర్వాత. మూత వేసుకునేది మన దేశపు తాబేలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నది. ఇంట్లో పెంచితే కేసే. నక్షత్ర తాబేలు కూడా అంతే. అటవీ శాఖ వాళ్లకి చెప్పి అప్పగించు. బాల్కనీ తాబేలు గారి స్లైడర్ సంగతి దీనికి రివర్స్. అది ఎప్పుడో ఒకప్పుడు పెద్దదై విసుగొచ్చినా చెరువులో వదలకూడదు. మన తాబేళ్ల తిండి, చోటు లాగేసుకుంటుంది. ప్రపంచంలోని వంద దుష్ట ఆక్రమణ జాతుల జాబితాలో దాని పేరుంది.

లెక్కల మాస్టారు:
మరి ఈగల సంగతెవరూ చెప్పలేదే?

సిరి వెట్:
ఈగ ఒంట్లో విషం లేదు, కానీ అది చెత్తకుండీ నుంచి, పేడ మీద నుంచి వస్తుంది. సాల్మొనెల్లా అనే, విరేచనాలు తెచ్చే బాక్టీరియాని మోస్తుంది. దానికి తోడు తాబేలు దగ్గర కూడా సాల్మొనెల్లా ఉంటుంది, దానికి ఏ జబ్బూ కనపడదు కానీ పిల్లలకి అంటుకుంటుంది. అమెరికాలో 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని 1975లో ఆపింది దీనికోసమే. కాబట్టి బాల్కనీ తాబేలు గారూ, మీ వాడు బొద్దింక పట్టినా, తాబేలుని పట్టుకున్నా, టబ్ నీళ్లు ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడగాల్సిందే. టబ్ నీళ్లు వంటింటి సింక్‌లో పారబోయకండి. చీమలు ఒకటీ అరా పర్లేదు, ఎర్రచీమల గుంపు మాత్రం వద్దు, కంటి దగ్గర కుడతాయి. దోమ లార్వా దీనికి ఇష్టమైన తిండే, కానీ దానికోసం బకెట్‌లో నీళ్లు నిలవ పెడితే ముందు మీకే డెంగీ వస్తుంది.

బాల్కనీ తాబేలు:
సరే, బొద్దింకలు బంద్, చీపురు లాక్కున్నా. కానీ మా టెర్రస్ మీద కంపోస్టు కుండీ ఉంది. కూరగాయల తొక్కులే వేస్తాం. అందులో బూడిదరంగు, పొట్టిగా, గట్టిగా ఉండే పురుగులు కుప్పలుగా పడ్డాయి. వాటినీ పారేయాలా?

సిరి వెట్:
అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఓ రకం ఈగ పిల్లలై (లార్వాలై) ఉంటాయి. ఫోటో పెట్టండి, చూసి చెప్తా. అవే అయితే పారేయకండి. మామూలు పురుగుల్లా కాకుండా వీటిలో కాల్షియం బాగా ఉంటుంది, తాబేళ్ల తిండిగా వీటినే ఎండబెట్టి అమ్ముతారు కూడా. కుండీలో మాంసం ముక్కలు, వేపనూనె, ఇంకే మందూ పడలేదు కదా? అయితే ఓ గుప్పెడు తీసి, కడిగి, ఒక రోజు గోధుమ తవుడులో ఉంచి కడుపు ఖాళీ అవ్వనివ్వండి. ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు, రెండేసి చాలు. నీళ్లలోనే వేయండి, గట్టు మీద పెడితే ఇది మింగలేదు.

గోదారి గట్టు:
అంటే పురుగు పెట్టొచ్చనే కదా తేలింది? నేను మొదట్నుంచీ అంటున్నది అదే.

సిరి వెట్:
కంపోస్టు పురుగు పెట్టొచ్చని తేలింది. వంటింటి బొద్దింక మీద మాత్రం నా మాట మారలేదు సార్.