పొలొన్నరువలో 3 రాత్రులు: పాత గుడులు, వరి పొలాలు, కోతులు. పెద్దవాళ్లతో, పిల్లలతో ఎలా?

కృష్ణాతీరం అడిగారు:
ఫిబ్రవరి రెండో వారంలో శ్రీలంక వెళ్తున్నాం. కొలంబో హడావుడి వద్దనుకుని పొలొన్నరువలో 3 రాత్రులు ఉందామని ఆలోచన. మేమిద్దరం, 68 ఏళ్ల అమ్మ (మోకాళ్ల నొప్పి, పూర్తి శాకాహారి), 9 ఏళ్ల బాబు. గుడులు ఏ వేళకి, ఏ వరసలో చూస్తే అమ్మకి తేలిక? అక్కడ కోతులు బాగా తిరుగుతాయట, పిల్లాడి విషయంలో ఏం జాగ్రత్త పడాలి? తిండి, నీళ్ల సంగతేంటి?

చెరువుకట్ట:
3 రాత్రులు పెట్టుకోవడం మంచి పని. చాలామంది సిగిరియాలో బస చేసి, పొద్దెక్కాక ఇక్కడికొచ్చి కాళ్లు కాల్చుకుని వెళ్లిపోతారు. బుద్ధుడి విగ్రహం, స్తూపం ఉన్న చోటల్లా చెప్పులూ టోపీ తీసేయాలి. 11 దాటితే ఆ రాతి పలకల మీద అడుగు పెట్టలేరు. మేజోళ్లు వేసుకోవచ్చు కాబట్టి అమ్మగారికి మందపాటివి రెండు జతలు పెట్టండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు అందరికీ ఉండాలి. విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగకండి, అక్కడ దాన్ని నిజంగానే అవమానంగా తీసుకుంటారు.

బస్టాండు, రైల్వే స్టేషను కదురువెలలో ఉన్నాయి, పాత ఊరికి 4 కి.మీ. తూర్పున. కొలంబో, క్యాండీ నుంచి వచ్చే బస్సు ముందు పాత ఊరి మీదుగానే పోతుంది. మీ బస అక్కడే అయితే కండక్టరుకి చెప్పి దిగిపోండి. తిరుగు ప్రయాణానికి మాత్రం కదురువెల వెళ్లి ఎక్కండి, లేకపోతే నిలబడి రావాలి. కొలంబో నుంచి బస్సులో సుమారు 6 గంటలు. మోకాళ్ల నొప్పితో అంతసేపు ఒకే సీటులో కష్టం, క్యాండీలో గానీ దంబుల్లలో గానీ ఒక రాత్రి ఆగి రండి.

టికెట్ పరాక్రమ సముద్ర అనే పెద్ద చెరువు పక్కనున్న మ్యూజియం దగ్గర తీసుకోవాలి. మనది సార్క్ దేశం కాబట్టి ధర తగ్గుతుంది, కానీ ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి. ఫోనులో ఫొటో చూపిస్తే ఒప్పుకుంటారని నమ్ముకోవద్దు.

గుడులు ఉత్తరం నుంచి దక్షిణానికి 4-5 కి.మీ. పరుచుకుని ఉన్నాయి. నేల చదునే, మీరూ బాబూ అద్దె సైకిళ్ల మీద తిరగొచ్చు. అమ్మగారికి రోజంతటికీ ఒక త్రీవీలర్ మాట్లాడుకోండి, ప్రతి గుడి దగ్గరా ఆపుతాడు. పొద్దున 7కే బయల్దేరి నేరుగా గల్ విహారకి వెళ్లండి. ఒకే బండలో చెక్కిన 4 విగ్రహాలు: ఒక పెద్ద కూర్చున్న బుద్ధుడు, గుహలో చిన్నది, 7 మీటర్ల నిలువు విగ్రహం, 14 మీటర్ల శయన విగ్రహం. పడుకున్న విగ్రహం తల కింద దిండు కాస్త నొక్కుకుపోయినట్టు చెక్కారు, రెండు పాదాలూ సమంగా ఉండవు. అది నిద్ర కాదు, పరినిర్వాణం (బుద్ధుడి తుది ఘడియ) అని చెప్పే గుర్తు అదే. దీన్ని చూడకుండా వచ్చేవాళ్లే ఎక్కువ.

అక్కడినుంచి వెనక్కి వస్తూ లంకాతిలక (విగ్రహ మందిరం), రంకొత్ వెహెర (పెద్ద స్తూపం), చివర దళదా మళువ (పాత గుడులన్నీ ఒకచోట ఉన్న ప్రాంగణం). మొదటి రోజుకి అంతే. రాజభవనం, మ్యూజియం కూడా అదే పూట కలుపుకుంటే అమ్మగారు అలిసిపోతారు. మ్యూజియం మధ్యాహ్నం నీడపట్టున చూసుకోండి. సాయంత్రం పరాక్రమ సముద్ర కట్ట మీద నడవండి. సుమారు 2,500 హెక్టార్ల చెరువు, 12వ శతాబ్దంలో మొదటి పరాక్రమబాహు కట్టించింది, ఈ జిల్లా వరి ఇప్పటికీ దాని నీళ్ల మీదే పండుతోంది. నన్నడిగితే గుడులకంటే ముందు చూడాల్సింది ఆ చెరువే. కోతుల కోసం చేతిలో చిన్న కర్ర ఉంచుకుంటే మంచిది.

కొండముచ్చు:
చెరువుకట్ట గారూ, మిగతాదంతా సరే, కర్ర వద్దండి. కర్ర ఎత్తితే గుంపులో పెద్ద మగకోతి ఎదురు తిరుగుతుంది, ముందు దెబ్బ తగిలేది పక్కనున్న పిల్లాడికి.

అక్కడ రోజూ కనిపించేవి రెండు రకాలు. నడినెత్తిన జుట్టు టోపీ పెట్టినట్టు గుండ్రంగా పరుచుకున్న ఎర్రటి కోతిని సింహళంలో రిలవ అంటారు. శ్రీలంకలో తప్ప ఇంకెక్కడా లేదు. నల్ల మొహం, పొడుగు తోక ఉన్నది మన కొండముచ్చుకి బంధువే, వందుర అంటారు. అది ఆకులు తింటుంది, మనుషుల జోలికి రావడం తక్కువ. చేతిలోది లాక్కునేది రిలవ.

దానికి ఆకలికంటే గుర్తు ముఖ్యం. క్యారీబ్యాగు కనబడినా, చిప్స్ ప్యాకెట్ చప్పుడు వినబడినా తిండి అనే అనుకుంటుంది. కాబట్టి తినేవన్నీ జిప్పు ఉన్న బ్యాగులో, జిప్పుకి చిన్న తాళం. త్రీవీలరుకి తలుపులుండవు, బ్యాగు సీటు మీద వదలకండి. బసలో బాల్కనీ తలుపు గడియ పెట్టండి. బాబుకి మూడు మాటలు చెప్పండి: కళ్లలోకి చూడొద్దు, పళ్లు కనిపించేలా నవ్వొద్దు, పరిగెత్తొద్దు. నోరు తెరిచి మన వైపే చూస్తోందంటే బెదిరిస్తోందని అర్థం. వీపు తిప్పకుండా పక్కకి మెల్లగా జరగాలి. ఏదైనా పట్టుకుని లాగితే వదిలేయాలి. వెనక్కి గుంజితేనే కరుస్తుంది.

కరిచినా, గోరు గీరినా కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కాఫీపొడి, సున్నం ఏవీ పెట్టకూడదు. అదే రోజు పొలొన్నరువ ప్రభుత్వ ఆసుపత్రిలో రేబీస్ టీకా మొదలుపెట్టాలి. అంబులెన్సుకి 1990. మన 108 పద్ధతిలోనే భారత ప్రభుత్వ సాయంతో 2016లో మొదలైన ఉచిత సేవ అది. బాబుకి బయల్దేరే ముందే వారం తేడాతో రెండు డోసుల ముందస్తు టీకా వేయించే వీలుందేమో మీ పిల్లల డాక్టరుని అడగండి. వేయించి ఉంటే కరిచినప్పుడు ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకాతో పాటు ఇచ్చే యాంటీబాడీల ఇంజెక్షను) అవసరం ఉండదు, ఇంకో రెండు డోసులతో సరిపోతుంది.

ఇక చూడటం. పొద్దున్నే దళదా మళువ చుట్టుపక్కల చెట్ల కింద దూరంగా కూర్చోండి. ఇక్కడి గుంపుల మీద 1968 నుంచి పరిశోధన సాగుతోంది. పెద్ద హోదా ఆడకోతి చిన్నదాని నోరు తెరిచి, దవడ సంచిలో దాచుకున్న తిండి తీసుకుని తినేస్తుంది. ఓపిగ్గా చూస్తే మీకూ కనబడొచ్చు. ఒక్క అరటిపండు కూడా పెట్టకండి. మనుషుల చేతి తిండి మరిగిన గుంపు తర్వాత కొబ్బరి తోటల మీద పడుతుంది, నష్టం రైతుది. పంటల మీద పడే జంతువుల్ని లెక్కపెట్టడానికి 2025 మార్చి 15న పొద్దున 8 నుంచి 8:05 వరకు దేశమంతా లెక్క తీశారంటే వాళ్ల బాధ అర్థం చేసుకోండి.

ఉద్దానం కొబ్బరి:
అమ్మగారి తిండి గురించి. వెజ్ అన్నంత మాత్రాన నమ్మకండి. కొబ్బరి పచ్చడిలో (పొల్ సంబోల్), కొన్ని కూరల్లో కూడా ఉంబలకడ వేస్తారు, అది ఎండు చేప పొడి. "మస్ ఎపా, మాళు ఎపా, ఉంబలకడ ఎపా" అని మూడూ విడివిడిగా చెప్పాలి. పప్పు, పనసకాయ కూర, ఇడియప్పం దొరుకుతాయి. గేదె పెరుగులో కితుల్ పాకం పోసి ఇస్తారు, కితుల్ అంటే మన జీలుగ చెట్టే.

నీళ్లు: సీసావి లేదా ఆర్ఓ నీళ్లు తాగండి. ఈ ప్రాంతంలో కారణం తేలని కిడ్నీ జబ్బు ఏళ్లుగా ఉంది, మా ఉద్దానంలో ఉన్నలాంటిదే. మూడు రోజులు ఉండి వెళ్లేవాళ్లకి భయం లేదు. కానీ ఊళ్లో ఆర్ఓ ప్లాంటు ముందు బిందెల వరస కనబడితే ఎందుకో తెలిసి ఉండాలి.

కృష్ణాతీరం:
అందరికీ చాలా థాంక్సండీ. మిన్నేరియా నేషనల్ పార్కులో ఏనుగుల గుంపులు చూడాలని బాబు పట్టు. ఫిబ్రవరిలో కనిపిస్తాయా?

చెరువుకట్ట:
కర్ర మాట వెనక్కి తీసుకుంటున్నాను, కొండముచ్చు గారు చెప్పిందే సరి.

మిన్నేరియా గుంపులు జులై నుంచి అక్టోబరు దాకా. చెరువు నీరు తగ్గి ఒడ్డున పచ్చగడ్డి లేచినప్పుడు దిగుతాయి. ఫిబ్రవరిలో చెరువు నిండుగా ఉంటుంది, ఏనుగులు అడవిలోకి చెదిరిపోతాయి. ఆ డబ్బు హబరణ దగ్గర హురులు ఎకో పార్కుకి పెట్టండి. చీకటి పడ్డాక మాత్రం హబరణ రోడ్డు మీద త్రీవీలర్‌లో తిరగకండి, ఏనుగులు రోడ్డెక్కుతాయి. పొలాల చుట్టూ కనిపించే సన్న తీగ కరెంటు కంచె, ముట్టుకోవద్దు.

పొలాలు చూడాలంటే మీరు మంచి సమయానికే వెళ్తున్నారు. మహా పంట (అక్కడి పెద్ద వరి పంట) పాలు పోసుకుని పండే దశలో ఉంటుంది, ముందు నాటినచోట కోతలు కూడా మొదలవ్వచ్చు.

నాగార్జునసాగర్ కుడికాలువ:
ఒక మాట కలుపుతాను. దళదా మళువలో వటదాగె (స్తూపం చుట్టూ కట్టిన గుండ్రటి గుడి) మెట్ల కింద అర్ధచంద్రాకారపు రాయి చూడండి. అనురాధపురంలో ఆ రాళ్ల మీద ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు నాలుగూ ఉంటాయి. ఇక్కడ ఎద్దు లేదు. చోళుల కాలంలో శైవం వచ్చాక నంది మీద కాలు పెట్టడం తప్పని తీసేశారంటారు. ఇలాంటి రాళ్లు మన నాగార్జునకొండలోనూ దొరికాయి, అక్కడి శాసనం ఒకటి సింహళ విహారాన్ని పేర్కొంటుంది.

మూడో రోజు మెదిరిగిరియ వెళ్లండి, హింగురక్‌గొడ మీదుగా. 16, 20, 32 చొప్పున అక్కడి వటదాగెలో మూడు వలయాల్లో 68 రాతి స్తంభాల మధ్య నాలుగు దిక్కులకూ నలుగురు బుద్ధులు, జనం బాగా తక్కువ. దారంతా కాలువలు, పొలాలే. అక్కడ మెట్లున్నాయి, అమ్మగారికి పొద్దున చల్లని వేళ అయితేనే నయం. ఆ రోజు పౌర్ణమేమో ముందే చూసుకోండి. పోయ రోజు తెల్లబట్టల భక్తులతో గుడులు నిండిపోతాయి.