సమస్యాపూరణం: “తప్పు వ్రాసిన మాటయే యొప్పు గాదె”

ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఆంగ్లంలో చనువుమాటగా పుట్టి లోకమంతటా పాకిన ‘ఓకే’ పుట్టుకను, అర్థాన్ని ఆధారంగా చేసుకొని పూరించవలసిందిగా కవిమిత్రులను కోరుతున్నాను.

మొదటి పూరణ

బోస్టనునఁ బుట్టె నొకనాఁడు పొట్టిమాట
పత్రికల వారి పరిహాస ఫలితముగను
ఓకెయని నేడు జగమెల్ల నొప్పుకొనఁగ
తప్పు వ్రాసిన మాటయే యొప్పు గాదె!

వ్యాఖ్య: ఆర్యా, పూరణ చక్కగా ఉన్నది. 1839 మార్చి 23న ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’ పత్రికలో ఈ మాట మొదటిసారి అచ్చయింది. ‘అంతా సరిగ్గా ఉంది’ అనే అర్థంలోని ‘ఆల్ కరెక్ట్’ను కావాలనే ‘ఓల్ కొరెక్ట్’ (oll korrect) అని వ్రాసి, తొలి అక్షరాలను మాత్రమే మిగిల్చారు. ‘ఆల్ రైట్’ను ‘oll wright’గా మార్చి ‘ఓ.డబ్ల్యూ.’ అని వ్రాయడం కూడా ఆనాటి పత్రికల వేడుకే. అది మాసిపోయింది, ఇది నిలిచింది. అందువల్ల ఇది తెలియక చేసిన తప్పు కాదు, తెలిసి ఆడిన ఆట. మీ ‘పరిహాస’ శబ్దం ఆ సూక్ష్మాన్ని పట్టుకొన్నందుకు నాకు ఎంతో సంతోషం కలిగింది. ‘ఓకే’ను హ్రస్వంగా వాడడం ఛందస్సు కోసం అంగీకరించదగినదే.

రెండవ పూరణ

ఊరి పేరును బిరుదుగా నోట్లకొఱకు
వాడి యోడెను నాఁడొక్క పాలకుండు
ఓటమిని దాటి యా మాట యున్నతిఁ గనె
తప్పు వ్రాసిన మాటయే యొప్పు గాదె!

వ్యాఖ్య: అమ్మా, ధార బాగున్నది. 1840 ఎన్నికలలో అమెరికా అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ను, ఆయన స్వగ్రామం కిండర్‌హుక్ పేరుమీద, ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని పిలిచేవారు. న్యూయార్క్‌లో ఆయన అనుచరులు ఓకే క్లబ్ స్థాపించారు. ఆయన ఓడినా ఆ ప్రచారం మాటను నిలబెట్టింది. అయితే మీ పద్యంలో వ్రాతతప్పు ప్రస్తావన ఎక్కడా లేకపోవడంవల్ల సమస్యాపాదం అతుకలేదు. మొదటి పాదాన్ని మార్చగలరేమో చూడండి.

మూడవ పూరణ

ఆదివాసుల పలుకని యందు రిలను
రొట్టె పేరని చెప్పిరి కొంతమంది
పాత పత్రికఁ దెఱవఁగ బయలుపడియె
తప్పు వ్రాసిన మాటయే యొప్పు గాదె!

వ్యాఖ్య: మిత్రమా, భావం ముగ్గురిలో మీదే నిండుగా ఉన్నది. అమెరికా ఆదివాసుల చోక్టా భాషనుంచి వచ్చిందన్న వాదాన్ని అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ కూడా నమ్మాడు. అమెరికా అంతర్యుద్ధ కాలపు సైనికుల రొట్టెలపై ముద్రనుంచి వచ్చిందన్న కథ మాత్రం నిలువదు. ఆ యుద్ధం మొదలైనది 1861లో, మాట అచ్చయినది అంతకు ఇరవై రెండేళ్ల ముందు. పాత పత్రికలను వెదకి ఈ చిక్కు విప్పినవాడు అమెరికా భాషావేత్త అలెన్ వాకర్ రీడ్. ఆయన వ్యాసాలు 1963, 1964 సంవత్సరాలలో వెలువడ్డాయి. మీ మూడవ పాదం ఆయన శ్రమకు తగిన నమస్కారం. రెండవ పాదంలో ‘రొ’కు ‘కొ’తో యతి చెల్లదు. “రొట్టె పేరని చెప్పిరి పట్టుపట్టి” అంటే ‘రొట్టె’, ‘పట్టు’లలోని రెండవ అక్షరాల పోలికతో ప్రాసయతి కుదురుతుంది.

పూరణకర్త: ధన్యవాదాలండీ. మీ సవరణను శిరసావహిస్తున్నాను.