అమ్మ పింఛను ఇక ఖాతాలో వేస్తారట, ఈ మార్పు చూసినవాళ్లు చెప్పండి

వెన్నెలగూడు:
మా అమ్మకి ఇన్నాళ్లూ పింఛను చేతికే ఇచ్చేవారు. వచ్చే నెల నుంచి ఖాతాలో పడుతుందట. ఆవిడ ఏటీఎం ఎప్పుడూ వాడలేదు, ఫోన్‌లో మెసేజ్ చదవలేదు. "డబ్బు పడిందని నాకెట్లా తెలుస్తుందిరా?" అని ఒకటే టెన్షన్. మీ ఇళ్లల్లో ఎలా సర్దుకున్నారు?

నీలిమబ్బు:
మా అత్తయ్యకి మాత్రం ఖాతా వల్ల మేలే జరిగింది. ఇదివరకు సగం రోజు లైన్లో నిలబడేది. డబ్బు పంచే మనిషి ప్రతిసారీ చిల్లర లేదంటూ కొంత ఉంచుకునేవాడు. తనకి రావాల్సింది ఎంతో ఆవిడకి సరిగ్గా తెలియదు కూడా. ఇప్పుడు పూర్తిగా వస్తోంది. పైగా డబ్బు వచ్చిన సంగతి ఇంట్లో అందరికీ వెంటనే తెలియదు, ఇది చిన్న విషయం కాదండీ. నైజర్ దేశంలో 2009-10 కరువు తర్వాత కొందరు ఆడవాళ్లకి సాయం నగదుగా, కొందరికి మొబైల్ ద్వారా ఇచ్చి చూశారు. మొబైల్‌లో అందుకున్నవాళ్లకి తిరుగుడు తగ్గింది, ఇంట్లో రకరకాల తిండి పెరిగింది. ఖర్చు విషయంలో వాళ్ల మాట కూడా ఎక్కువ చెల్లింది. మూడో గుంపుకి ఫోను ఇచ్చి, డబ్బు చేతికే ఇచ్చారు. వాళ్లలో ఇంత మార్పు కనబడలేదు, అందుకే ఇది ఒట్టి ఫోను వల్ల వచ్చిన లాభం కాదని తేలింది.

పాతచెట్టు:
మాకు అలా జరగలేదు. నాన్న చేతులు పనిచేసి పనిచేసి అరిగిపోయాయి, వేలిముద్ర పడదు. మూడుసార్లు తీసుకెళ్లాను, మూడుసార్లూ వట్టి చేతులతో వచ్చాం. నాలుగోసారి సర్వర్ లేదన్నారు. బ్యాంకులో అడిగితే ఆఫీసుకి వెళ్లమంటారు, ఆఫీసులో అడిగితే బ్యాంకుకి. చేతికిచ్చే రోజుల్లో కనీసం ఎవరిని అడగాలో తెలిసేది. డెబ్బై ఏళ్ల మనిషిని అలా తిప్పుతుంటే నాకు ఏడుపొచ్చింది.

దారిదీపం:
ఇలాంటి చెల్లింపుల పని కొన్నాళ్లు చేశాను. వెన్నెలగూడు గారూ, ముందు ఖాతాకి ఎవరి ఫోన్ నంబర్ ఇచ్చారో చూడండి. చాలా గొడవలు అక్కడే మొదలవుతాయి. పిన్ నంబర్ ఎవరికీ, డబ్బు ఇచ్చే ఏజెంటుకి కూడా చెప్పకూడదు. తీసిన ప్రతిసారీ రసీదు అడగండి.
నెలకోసారి పాస్‌బుక్ ప్రింట్ వేయించండి. దక్షిణాఫ్రికాలో పేదల గ్రాంటు ఖాతాల్లోంచి అప్పులకనీ, ఫోన్ రీచార్జికనీ వాళ్లకే తెలియకుండా కోతలు పడ్డాయి. అమెరికాలో ఆహార సాయం కార్డుల్లో చాలావాటికి చిప్ లేదు, నల్ల గీతే ఉంటుంది. దొంగలు దుకాణాల మెషీన్లకి నకలు తీసే పరికరం తగిలించి సొమ్మంతా లాగేశారు.
పాతచెట్టు గారూ, వేలిముద్ర పడకపోతే వేరే దారి ఏముందో రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే తిప్పుతూనే ఉంటారు.

వెన్నెలగూడు:
ఇప్పుడే చూశాను, ఖాతాకున్నది మా అన్నయ్య పాత నంబర్. అది ఆగిపోయి రెండేళ్లయింది! రేపే అమ్మని తీసుకెళ్లి మార్పిస్తాను. మొదటి రెండు నెలలు చేతికే ఇచ్చే వీలుందేమో కూడా అడుగుతాను.