ఆరో జోల్ ఖాబేన్? – నీళ్ళా, పులుసా?

కావలి కుర్రాడు
ఒక మాట కొన్నాళ్ళుగా బుర్ర తినేస్తోంది, ఇక్కడ తేలుతుందని పెడుతున్నా. ఉద్యోగం కలకత్తాలో. మధ్యాహ్నం భోజనానికి ఒక పాతకాలపు పైస్ హోటల్‌కి వెళ్తున్నాను. బల్ల మీద అరిటాకు వేస్తారు, ఆకుకి వేరే, అన్నానికి వేరే, పప్పుకి వేరే లెక్క, ఏ రోజు ఏముందో గోడకున్న నల్లబల్ల మీద సుద్దతో రాస్తారు, అదీ బెంగాలీలోనే. ఆఫీసులో పక్కసీటాయన ఒక వాక్యం నేర్పి పంపాడు: 'దాదా, ఎక్‌టు జోల్ దేబేన్', అంటే 'అన్నా, కొంచెం జోల్ ఇస్తారా' అని. అన్నాను. వడ్డించేవాడు 'ఆరో జోల్ ఖాబేన్?' (ఇంకా జోల్ కావాలా) అన్నాడు. తలూపాను. గ్లాసు ఖాళీగానే ఉంది, అన్నం మీద మాత్రం చేపల పులుసు వరదలా వచ్చిపడింది. ఇంతకీ ఆయన నేర్పిన వాక్యంలో ఉన్నది నీళ్ళా, పులుసా? వడ్డించేవాడి వాక్యంలో?

ఖరగ్‌పూర్ అత్తయ్య
నాయనా, నీళ్ళు జల్ అని రాస్తారు, పులుసు ఝోల్ అని రాస్తారు. అందరూ జ, ఝ దగ్గరే కొట్టుకుంటారు గానీ అసలు తేడా అచ్చులో ఉంది. బెంగాలీలో అకారం మన అకారం కాదు, నోరు కాస్త తెరిచిన ఒకారం. మన 'కోట'లో ఓ ఉంది చూడు, దాన్ని పొట్టిగా అంటే నీళ్ళు. 'కోటి'లో ఓ అంటే పులుసు. రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినదాన్ని, ఇది నాకు ఎవరూ నేర్పలేదు. ఇక ఝాల్ అంటే కారం. అదొకటి కలిస్తే నీ పని అయిపోయినట్టే.

ఛందస్సు పిచ్చి
జ, ఝలకి యతిమైత్రి ఉంది కదండీ, నన్నయ నాటి నుంచీ చెల్లుతోంది. వడ్డించేవాడు లాక్షణికుడు అయ్యుంటాడు. యతి కుదిరింది, నీళ్ళే రాలేదు.

లైబ్రరీ మెట్లు
అత్తయ్యగారూ, కోట, కోటి రెండింటిలోనూ మా వైపు ఒకటే ఓ.

ఖరగ్‌పూర్ అత్తయ్య
ఒకటే అనుకుంటారు. మేడ, మేడి అని గట్టిగా పలకండి, దవడ ఎక్కడ దిగుతుందో తెలుస్తుంది. తర్వాతి అక్షరంలో అకారం ఉంటే ముందున్న ఏ, ఓ విచ్చుకుంటాయి. బెంగాలీలోనూ ఇదే వరస. 'ఒకటి' అనాలంటే రాసేది ఏక్‌టా, పలికేది యాక్‌టా. 'కొంచెం' మాత్రం ఎక్‌టు, ఎందుకంటే వెనక ఉకారం ఉంది. ఒకటి యాక్‌టా, రెండు దుటో, మూడు తిన్‌టే. ఆ 'టా' కూడా ముందున్న అచ్చుని బట్టి రంగు మార్చేస్తుంది. కత్తి కత్తులయ్యే మనకి ఇది కొత్తా?

లైబ్రరీ మెట్లు
సరే, అచ్చు సంగతి అలా ఉంచండి. చిక్కంతా 'ఖాబేన్' దగ్గర ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు. మాటకి మాట 'తింటారా' అని. తెలుగువాడైతే 'తాగుతారా' అంటాడు, 'వేయమంటారా' అంటాడు, క్రియ వినగానే విషయం తెలిసిపోతుంది. బెంగాలీ నీళ్ళూ తింటాడు, టీ తింటాడు, సిగరెట్టూ తింటాడు, ముద్దు కూడా తింటాడు. కాబట్టి జోల్ ఖాబేన్ అన్న వాక్యంలో ఒక్క అచ్చు చెవిని దాటిపోతే ఇక ఆధారమే లేదు.

ఛందస్సు పిచ్చి
మనం తక్కువా? వాళ్ళు నీళ్ళు తింటే మనం నీళ్ళు నములుతాం. చుట్ట తాగుతాం. దెబ్బలు, తిట్లు, లంచం అన్నీ తింటాం. పై ప్రశ్నలో కుర్రాడు బుర్ర కూడా తినిపించుకున్నాడు.

నెల్లూరు మాష్టారు
పాత తెలుగులో మనకీ రెండిటికీ చెల్లే క్రియ ఒకటి ఉండేదండీ: కుడుచు. కూడు కుడుస్తారు, పాలూ కుడుస్తారు. తమిళం, కన్నడాల్లో కుడి అంటే తాగడం ఒకటే మిగిలింది, మన దగ్గర రెండూ ఉన్నాయి. నా ఉద్దేశంలో కుడిచెయ్యి అంటే కుడిచే చెయ్యే. తమిళుడికి అది వలం, కన్నడిగుడికి బల, మనకొక్కరికే కుడి. ఆలోచించండి.

లైబ్రరీ మెట్లు
మాష్టారూ, అలా అయితే ఎడమచేత్తో ఏం చేసేవాళ్ళని ఎడమ అన్నారు? వినడానికి బాగుంటే నిజమైపోదు.

నెల్లూరు మాష్టారు
మీకు రుచించకపోతే వదిలేయండి. కానీ తాగడానికీ మింగడానికీ తేడా పాటించడం మన కవులకి పట్టింపు, అది ఒప్పుకుంటారా? శ్రీనాథుడి పల్నాటి చాటువు గుర్తు తెచ్చుకోండి. జొన్నకూడు తినలేక కృష్ణుడి మీద విరుచుకుపడతాడే, అది. 'పూతన చన్నుల చేదుఁ ద్రావి', దవాగ్నిని 'మ్రింగితి'. చేదుని తాగాడు, నిప్పుని మింగాడు, చివరికి బచ్చలికూర కలిపిన జొన్నముద్దని దిగమింగి చూపించమన్నాడు. చేదు వస్తువు కాదు, రుచి. రుచిని తాగడం ఎంత సొగసు!

ఛందస్సు పిచ్చి
'చన్నుల చేదు' కాదండీ, 'చన్నువిషంబుఁ ద్రావి'. మా తాతగారి నోట అలాగే విన్నాను.

నెల్లూరు మాష్టారు
విషంబు అనడానికి శ్రీనాథుడు అక్కర్లేదు.

ఛందస్సు పిచ్చి
గణాలు రెండింటికీ సరిపోతాయి కాబట్టి ఉత్పలమాల మీకు సాక్ష్యం చెప్పదు. అర్థం చూడండి. పూతన ఇచ్చింది విషం. విషం తాగినవాడివి, నిప్పు మింగినవాడివి, ఈ ముద్ద మింగు చూద్దాం అన్నప్పుడే ఎత్తిపొడుపు మెట్టు మెట్టుగా పెరుగుతుంది. చేదు అంటే మొదటి మెట్టే జారిపోయింది.

నెల్లూరు మాష్టారు
చేదుతో మొదలుపెడితేనే నాలుకకి సంబంధం కుదురుతుంది. ఇది తిండి మీద పద్యం, వీరగాథ కాదు.

ఖరగ్‌పూర్ అత్తయ్య
అయ్యా, ఆ బచ్చలే ఇక్కడ పుఁయి శాక్. శాకానికి శాక్ అనే అంటారు, శ్రీనాథుడి మాట చెక్కుచెదరలేదు. పైస్ హోటల్లో దాన్ని రొయ్యలు వేసి చేస్తారు, ఇలిశ్ దొరికే రోజుల్లో దాని తలకాయ వేసి చేస్తారు. ఆ కూరని మీ కవి ముందు పెట్టి ఉంటే పద్యం ఇంకోలా ఉండేది. కుర్రాడా, నల్లబల్ల మీద కనిపిస్తే వదలకు.

పులస పిచ్చి
ఇలిశ్ అంటే మన పులసే కదండీ! సముద్రంలో ఉన్నప్పుడు విలస, గోదారికి ఎదురీదితే పులస. దాన్ని ఆవపిండిలో ముంచే వాళ్ళకి చింతపండు పులుసు రుచి ఏం తెలుస్తుంది? అసలు ఝోల్‌ని పులుసు అనకండి, చింతపండు లేనిదాన్ని పులుసు అంటే గోదారి జిల్లాల వాళ్ళం ఊరుకోం. పలచటి కూర అనండి చాలు.

కావలి కుర్రాడు
పుఁయి శాక్ తిన్నాను, బాగుంది. ఇవాళ కోట, కోటి రెండూ లోపల అనుకుని, చివరికి గ్లాసు ఎత్తి చూపించాను, నీళ్ళు వచ్చాయి. అయితే ఇంకొకాయన పక్కబల్ల దగ్గర 'దేబేన్' అనకుండా 'దిన్' అన్నాడు, ఆయనకే ముందు వడ్డించారు. దిన్ అంటే మర్యాద తక్కువా?

ఖరగ్‌పూర్ అత్తయ్య
తక్కువేం కాదు. దిన్ అంటే ఇవ్వండి, దేబేన్ అంటే ఇస్తారా అన్నట్టు, కాస్త మెత్తగా ఉంటుంది. దావ్ అనకు, అది నువ్వు అనేంత చనువున్న చోట. ఆయన రోజూ వచ్చేవాడై ఉంటాడు, అందుకే ముందు వడ్డించారు. గ్లాసు ఎత్తడం మాత్రం మోసం, ఒప్పుకోను.

లైబ్రరీ మెట్లు
మొదటి ప్రశ్న అలాగే ఉంది. నేర్పినాయనది ఏ ఊరో చెప్పలేదు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబమైతే ఝ గాలి పోసుకోకుండా జ లాగే వినిపించవచ్చు, అప్పుడు అచ్చు ఒక్కటే దిక్కు.

కావలి కుర్రాడు
అడిగానండీ. ఆయన రెండుసార్లు పలికాడు, రెండూ నాకు ఒకేలా వినిపించాయి. రాసి చూపించమంటే నవ్వి టీ తిందాం రమ్మన్నాడు.

ఛందస్సు పిచ్చి
టీ సంగతి తర్వాత. మాష్టారూ, రెండో పాదం చివర ఎత్తుకుని మూడో పాదంలోకి 'తింత్రిణీపల్లవయుక్తమౌ' అన్నాడు, అంటే చింతచిగురు పడ్డ బచ్చలి. పుల్లగా ఉన్నదాన్ని పక్కన పెట్టుకుని మొదటి పాదంలో చేదు ఎందుకు తెస్తాడు? విషంబే.

నెల్లూరు మాష్టారు
పులుపు ఉంది కాబట్టే చేదు తెచ్చాడండీ! రేపు పొద్దున మా దగ్గరున్న పాత చాటుపద్యాల పుస్తకంలో ఆ పేజీ ఫోటో పెడతాను, చూసి మాట్లాడండి.

పులస పిచ్చి
పేజీ సరే. చింతచిగురు వేసిన కూరని ఝోల్ అనొచ్చా, పులుసు అనాలా, అది కూడా అందులో ఉందేమో చూడండి.