హిమాలయన్ 450 కొనాలా, సూపర్ మీటియర్ 650 కొనాలా? ఇద్దరం కలిసి తిరగడానికి ఏది మేలు?

బండి_వేట:
అందరికీ నమస్తే. కొన్నాళ్లుగా ఇంట్లో, ఆఫీసులో, వాట్సాప్‌లో ఇదే గొడవ, ఎంతకీ తెగట్లేదు. ఉండేది మియాపూర్. ఆఫీసుకి కంపెనీ బస్సు ఉంది కాబట్టి రోజూ తిరిగే లెక్క పక్కన పెట్టేయండి. బండి కావాల్సింది వీకెండ్లకి. శ్రీశైలం, సాగర్, బీదర్, పండగలకి విజయవాడలో అత్తగారిల్లు. దాదాపు ప్రతిసారీ వెనక మా ఆవిడ, రెండు బ్యాగులు. లద్దాఖ్ వెళ్లాలని ఎప్పటినుంచో ఉంది, ఎప్పటికి కుదురుతుందో దేవుడికే తెలియాలి. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, ఇది గుర్తుపెట్టుకుని చెప్పండి.

చూస్తున్నవి రెండూ రాయల్ ఎన్‌ఫీల్డ్‌వే. సూపర్ మీటియర్ 650 వచ్చినప్పుడు, అంటే 2023 జనవరిలో, ఎక్స్ షోరూం 3.49 లక్షల నుంచి మొదలైంది. అదే ఏడాది నవంబర్‌లో హిమాలయన్ 450 వచ్చింది, 2.69 లక్షల నుంచి. 350 సీసీ దాటిన బండ్లకి జీఎస్టీ 40 శాతం చేశాక రెండూ పెరిగాయి, మధ్యలో తేడా ఇప్పటికీ లక్షకి అటూ ఇటూగా ఉంది. ఆ లక్ష పెట్టగలను, కానీ ఎందుకు పెట్టాలో ఎవరైనా చెప్పాలి. 'రెండూ మంచివే, మనసుకి నచ్చింది తీసుకో' అనేవాళ్లు దయచేసి రాయకండి. ఆ మాట మా బావమరిది రోజూ చెప్తూనే ఉన్నాడు.

ఘాట్‌రోడ్డు_రాజు:
ఇందులో ఆలోచించడానికి ఏముంది భాయ్, హిమాలయన్. సూపర్ మీటియర్ గ్రౌండ్ క్లియరెన్స్ 135 మిల్లీమీటర్లు, హిమాలయన్‌ది 230. మన కాలనీల్లో జనం రాత్రికి రాత్రి సిమెంటు పోసి లేపే స్పీడ్ బ్రేకర్లు చూశారా? వెనక మనిషి, లగేజీ పెట్టుకుని 135తో వాటి మీదికి ఎక్కితే అడుగున గీసుకునే చప్పుడు వినాల్సిందే. సస్పెన్షన్ సంగతి ఇంకా ఘోరం. హిమాలయన్‌కి ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం), సూపర్ మీటియర్‌కి వెనక 101. అంటే సగం. వానాకాలం పోయాక ఏ రెండు వరసల రోడ్డు మీదికైనా వెళ్లి రండి, ఆ సగం ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది.

ట్యాంకు 17 లీటర్లు. మెల్లగా తోలితే 450 కిలోమీటర్లు ఎక్కడికీ పోవు, విజయవాడ వెళ్లి తిరుగుదారిలో సూర్యాపేట దాకా వచ్చేయొచ్చు. సూపర్ మీటియర్ ట్యాంకు 15.7 లీటర్లే, పైగా ఎక్కువ తాగుతుంది. లక్ష తక్కువ పెట్టి ఎక్కువ బండి వస్తుంటే చర్చ దేనికి?

రెండు_సిలిండర్లు:
రాజు గారూ, నంబర్లన్నీ కరెక్టే, అడిగినాయన చెప్పిన ఒక్క నంబరే మీరు పట్టించుకోలేదు. 5 అడుగుల 4 అంగుళాలు అని రాశారు కదా. హిమాలయన్ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, సూపర్ మీటియర్‌ది 740. ఆ ఎత్తు మనిషికి 825లో మునివేళ్లే ఆనతాయి. రోడ్డు సమంగా ఉన్నంతసేపు ఏం కాదు. ఘాట్‌లో మలుపు దగ్గర ఆర్టీసీ బస్సు ఎదురొచ్చి ఆగాల్సి వచ్చిందనుకోండి, ఎడమ కాలు పెట్టిన చోట తారు అంచు అయిపోయి మట్టి కిందికి ఉందనుకోండి, సరిగ్గా అప్పుడే వెనక మనిషి బస్సుని చూడటానికి పక్కకి వంగిందనుకోండి, ఇక బండిని ఎవరూ ఆపలేరు. టూర్లలో బండ్లు ఎక్కువగా పడేది ఇలా ఆగినప్పుడే, 80లో పోతున్నప్పుడు కాదు.

ఇంజన్ సంగతి వేరే చెప్పాలా. 648 సీసీ, రెండు సిలిండర్లు. హైవే మీద అద్దంలో వెనక లారీ నంబరు ప్లేటు చదవొచ్చు, అంత నున్నగా పోతుంది. సింగిల్ సిలిండర్ ఎంత మంచిదైనా రెండు మూడు గంటలు పోయాక అరచేతులకి తెలిసిపోతుంది.

ఘాట్‌రోడ్డు_రాజు:
సూపర్ మీటియర్ 241 కిలోలు! హిమాలయన్ 196. దాదాపు ఒక సిమెంటు బస్తా అదనంగా మోసుకు తిరగడమే. పవర్ చూస్తే హిమాలయన్ 40 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), సూపర్ మీటియర్ 47. టన్ను బరువుకి లెక్క కడితే హిమాలయన్‌కి 204, సూపర్ మీటియర్‌కి 195 పడుతుంది. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ చురుకు కొనుక్కోవడం. పైగా నాలుగు వరసల రోడ్డు మీద బైకులకి గరిష్ఠ వేగం ఎలాగూ గంటకి 80 కిలోమీటర్లే కదా, దానికి 650 సీసీ ఏం చేసుకోను?

లెక్కల_మాస్టారు:
రాజు గారి భాగహారం సరిగ్గానే ఉంది. కాకపోతే అది స్టాండు మీద ఉన్న బండికి. తొక్కే మనిషిని కూడా కలపాలి కదా. అడిగినాయన, వాళ్లావిడ, రెండు బ్యాగులు కలిపి 150 కిలోలు అనుకుందాం. హిమాలయన్ 346 అయింది, సూపర్ మీటియర్ 391. ఇప్పుడు టన్నుకి 116, 120. తారుమారైంది. అసలు 61 కిలోల మనిషి ఒక్కడు కూర్చుంటేనే రెండూ సమానం, ఆ పైన ఎక్కే ప్రతి కిలో 650 వైపే.

టార్క్ (ఇంజన్ చక్రాన్ని తిప్పే బలం) తేడా ఇంకా పెద్దది, 40 న్యూటన్ మీటర్లు ఒకవైపు, 52.3 ఒకవైపు. అదే 150 కిలోల మీద లెక్కేస్తే కిలోకి 16 శాతం దాకా ఎక్కువ వస్తుంది. వేగం 80 దగ్గరే ఆగిపోతుందన్నది నిజమే, కానీ ఇద్దరితో ఘాట్ ఎక్కుతూ లోడు లారీని దాటేటప్పుడు కావాల్సింది గరిష్ఠ వేగం కాదు, 40 నుంచి 70కి ఎంత తొందరగా వెళ్తామన్నది. గేరు దించకుండా దాటేయొచ్చా, రెండు గేర్లు దించి ఇంజన్‌ని అరిపించాలా, అంతే తేడా.

నేను ఏ బండి వైపూ కాదు. నా దగ్గర ఉన్నది స్కూటరు.

వెనకసీటు_హక్కులు:
ఇంతసేపటి నుంచి చదువుతున్నా, వెనక కూర్చునే ఆవిడని అందరూ బ్యాగులతో కలిపి కిలోల్లో తూస్తున్నారు తప్ప ఆవిడకి ఏది బాగుంటుందో ఒక్కరూ అడగలేదు! నేను బండి నడుపుతాను, మా ఆయన బండి వెనకా కూర్చుంటాను, మా చుట్టాల్లో ఈ రెండు బండ్లూ ఉన్నాయి, రెండిటి మీదా దూరం వెళ్లాను.

ముందు ఎక్కడం గురించి చెప్తా. హిమాలయన్ వెనక సీటు ఎత్తు. నేలమీద నుంచి కాలు తిప్పి ఎక్కడం నాలాంటివాళ్లకి కుదరదు, ఎడమ కాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, ఆయన భుజం పట్టుకుని, లేచి నిలబడి, కుడి కాలు అవతలికి వెయ్యాలి. ఆ రెండు క్షణాలూ నా బరువంతా బండికి ఎడమవైపే ఉంటుంది. ముందున్న మనిషి పాదాలు పూర్తిగా ఆని ఉంటే ఏం కాదు. మునివేళ్ల మీద ఉంటే ఆయనకీ టెన్షన్, నాకూ టెన్షన్. టాప్ బాక్స్ కూడా బిగించారంటే ఆ కాలు దాని మీద నుంచి తిప్పాలి. సూపర్ మీటియర్ మీద ఈ సర్కస్ ఏమీ లేదు, హాయిగా ఎక్కి కూర్చోవచ్చు.

ఎక్కాక మాత్రం కథ మారుతుంది. సూపర్ మీటియర్ మామూలు వేరియంట్‌లో వెనక సీటు చిన్నది, వీపు ఆనుకోవడానికి ఏమీ ఉండదు. సెలెస్టియల్ అనే టూరర్ వేరియంట్‌కి వెడల్పు సీటు, వీపుకి ఆనుడు, ముందు విండ్‌స్క్రీన్ వస్తాయి. ఇద్దరికోసం అయితే అదే చూడండి, మిగతావి వద్దు. అది కొన్నా గుంతలో పడితే దెబ్బ దెబ్బే. రాజు గారు చెప్పిన ఆ 101 మిల్లీమీటర్లు పడేది మా నడుముకి, ఎందుకంటే వెనక చక్రం ఉన్నది మా కిందే. నడిపేవాళ్ల కాళ్లు ముందుకి చాచి ఉంటాయి, సీటు మీద నుంచి లేవడానికి వాళ్లకీ వీలుండదు. హిమాలయన్‌లో గుంత కనిపిస్తే నడిపేవాళ్లు ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడతారు, అది చూసి మేమూ సర్దుకుంటాం.

కాబట్టి నేనైతే నాలుగు వరసల రోడ్డుకి సూపర్ మీటియర్ అంటాను, పాడైన రోడ్డుకి హిమాలయన్. మీ ఆవిడని రెండిటి మీదా కూర్చోబెట్టి చూపించారా అసలు?

నిజాంపేట_సెల్లార్:
సూపర్ మీటియర్ వాడుతున్నా. ఎవరూ చెప్పనిది ఒకటి చెప్తా. మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్ సెల్లార్‌లోనా? అయితే కొనేముందు ర్యాంపు చూసుకోండి. పొడవు కారణంగా తిప్పలేమని చాలామంది అనుకుంటారు, అది కాదు, వీల్‌బేస్, అంటే రెండు చక్రాల మధ్య దూరం, దీనికి 1500 మిల్లీమీటర్లు అయితే హిమాలయన్‌కి 1510, రెండూ దాదాపు ఒకటే. సమస్య బరువు. రెండు కార్ల మధ్య ముందుకి దూర్చి పెట్టి, పొద్దున్నే వాలుకి ఎదురుగా వెనక్కి లాగాలంటే 241 కిలోలూ చేతికొస్తాయి. ఎప్పుడూ వెనక్కి పెట్టుకోవాలి, ముందు చక్రం బయటికి చూస్తూ. నేను సీటు మీద కూర్చునే, పాదాలు రెండూ నేలకి తన్నిపెట్టి వెనక్కి నెడతాను. 740 సీటు కాబట్టి అది సాధ్యం.

ఎండాకాలం గురించి ఎవరో అడుగుతారు, ముందే చెప్పేస్తున్నా. ఇది గాలి, ఆయిల్‌తో చల్లబడే ఇంజన్, సిగ్నల్ దగ్గర కాళ్లకి వేడి తెలుస్తుంది. హిమాలయన్‌కి రేడియేటర్ ఉంది, కానీ ఫ్యాన్ తిరిగితే ఆ వేడిగాలి పోయేదీ కాళ్ల మీదికే. మే నెలలో అమీర్‌పేటలో ఏ బండి మీదా చల్లగా ఉండదు.

సర్వీస్_రోడ్డు:
అసలు పాయింటు ఇదే అని నాకనిపిస్తుంది. ఆయన ఉండేది మియాపూర్. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లని రానివ్వరు. విజయవాడ వెళ్లాలంటే ఎల్బీ నగర్ దాకా ఊరంతా చీల్చుకుని పోవాలి, లేదా సర్వీస్ రోడ్డు పట్టుకుని జంక్షన్ జంక్షన్‌కీ ఆగుతూ చుట్టూ తిరగాలి. శ్రీశైలం అంటే తుక్కుగూడ వైపు, అదీ ఊరికి అవతలి మూల. పటాన్‌చెరు మీదుగా పోయే బీదర్ ఒక్కటే ఇంటి ముందు నుంచి మొదలవుతుంది. అంటే దాదాపు ప్రతి ట్రిప్పుకీ మొదటి గంటా, చివరి గంటా ట్రాఫిక్‌లోనే. చివరి గంట అంటే అలిసిపోయి, చీకటి పడ్డాక, వెనక మనిషితో. ఆ గంటలో 45 కిలోల తేడా లద్దాఖ్‌లో కంటే ఎక్కువ తెలుస్తుంది. శ్రీశైలానికైతే దారిలో అడవి మొదట్లో ఉండే మన్ననూర్ చెక్‌పోస్ట్ రాత్రి 9కి మూసేస్తే మళ్లీ పొద్దున 6కే తీస్తారు, ఆ గేటు కోసం తొందరపడుతూ ట్రాఫిక్‌లో దూరడం ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకి తెలుసు. నా ఓటు తేలిక బండికే.

రెండు_సిలిండర్లు:
తేలిక బండే కానీ కాళ్లు ఆనని బండి! ట్రాఫిక్‌లో వంద సార్లు కాలు పెట్టాలి. ఆ గంటకి 740నే మేలు.

మనాలి_లేహ్:
లద్దాఖ్ మాట వచ్చింది కాబట్టి. మనాలి-లేహ్ దారిలో టాండీ పెట్రోలు బంక్ దగ్గర తర్వాతి బంక్ 365 కిలోమీటర్లు అని రాసిన బోర్డు చాలామంది ఫొటోల్లో చూసే ఉంటారు. అలాంటి చోట 17 లీటర్ల ట్యాంకు, వాగులు దాటడానికి 230 క్లియరెన్స్, ముందు 21 అంగుళాల చక్రం, వెనక ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది) ఆపేసుకునే వీలు, ఇవన్నీ పనికొస్తాయి. సందేహం లేదు. కానీ ఎప్పుడు వెళ్తారో తెలియని ట్రిప్పు కోసం ఇప్పుడు బండి ఎంచుకోవద్దు. అక్కడే హిమాలయన్ అద్దెకి దొరుకుతుంది. లేహ్‌లోనే తీసుకోండి, బయట అద్దెకి తీసుకున్న బండ్లని అక్కడి యూనియన్ వాళ్లు లోకల్‌గా తిరగనివ్వరు.

ఘాట్‌రోడ్డు_రాజు:
అన్నా, జీవితంలో ఒక్కసారి పోయే చోటికి అద్దె బండి మీదనా? ఖర్దుంగ్‌లా దగ్గర వేరేవాడి నంబరు ప్లేటుతో ఫొటో దిగాలా? మీరు చెప్పేది లెక్కకి సరిపోతుంది, మనసుకి సరిపోదు.

పంక్చర్_కిట్:
టైర్ల గురించి ఎవరూ అనలేదు. సూపర్ మీటియర్‌కి అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్. మేకు దిగితే కిట్‌తో అక్కడే ప్లగ్ వేసుకుని పోవచ్చు. హిమాలయన్ మొదట్లో ట్యూబ్ టైర్లతో వచ్చింది, ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు తర్వాత ఎక్స్‌ట్రా డబ్బుకి ఇచ్చారు. తీసుకుంటే అవి ఉన్నదే తీసుకోండి, నల్లమలలో రోడ్డు పక్కన కూర్చుని ట్యూబ్ బయటికి లాగే ఓపిక ఎవరికీ ఉండదు.

బండి_వేట:
అందరికీ థాంక్స్. వెనకసీటు_హక్కులు గారి మాట పట్టుకుని నిన్న మా ఆవిడని తీసుకుని షోరూంకి వెళ్లాను. ఆమెకి నచ్చింది హిమాలయన్ సీటు! పైన కూర్చుంటే రోడ్డంతా కనిపిస్తోందట, సూపర్ మీటియర్ మీద నా హెల్మెట్ తప్ప ఏమీ కనిపించట్లేదట. నాకేమో ఆమె ఎక్కుతుంటే హిమాలయన్‌ని నిలబెట్టడానికి ప్రాణం పోయింది, సేల్స్ అబ్బాయి వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. తక్కువ ఎత్తు సీటు వేస్తే 805కి దిగుతుందన్నాడు, అది వాళ్ల దగ్గర లేదు. ఇద్దరం కలిసి టెస్ట్ రైడ్ అంటే కుదరదన్నారు. ఒక్కణ్నే రెండు వీధులు తిప్పుకొచ్చి ఏం తేల్చుకోను?

ఘాట్‌రోడ్డు_రాజు:
ఆదివారం పొద్దున ఖాళీయేనా? నా హిమాలయన్‌కి తక్కువ ఎత్తు సీటే ఉంది. అనంతగిరి పోయొద్దాం, మీ ఆవిడ, మీరు, ఎంత దూరమైనా నడుపుకోండి.

నిజాంపేట_సెల్లార్:
నా సూపర్ మీటియర్ కూడా వస్తుంది. సెలెస్టియలే. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి తొక్కండి. శంకర్‌పల్లి మీదుగా పోదాం, మియాపూర్ నుంచి దగ్గర.

ఘాట్‌రోడ్డు_రాజు:
దారి నేను చెప్తా.

నిజాంపేట_సెల్లార్:
నువ్వు వద్దు రాజు భాయ్, గుంతలున్న దారే వెతికి పట్టుకొస్తావ్.